బిగించాక విప్పి కూడా కొలవాలి

నా కారుకు వెడల్పాటి పైపుతో వచ్చే కొత్త రకం ఎయిర్ ఫిల్టరు బిగించిన నెలలోనే మైలేజీ లీటరుకు 15 కిలోమీటర్ల నుంచి 16.2కి పెరిగింది. ప్రతిసారీ ట్యాంకు నిండా పోయించి, ఓడోమీటరు అంకె రాసుకుని, తిరిగిన దూరాన్ని మళ్ళీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో భాగించి చూసే అలవాటు నాకు మొదటి నుంచీ ఉంది. అందుకే ఆ అంకెను నమ్మాను. అడిగినవారికీ అడగనివారికీ 8 శాతం లాభమని చెప్పాను. నా మాట విని మా బావగారు కూడా అదే ఫిల్టరు కొనడానికి సిద్ధపడ్డారు. అయిదు నెలలు గడిచాక పైపును పట్టి ఉంచే క్లిప్పు విరిగింది. కొత్తది వచ్చేదాకా పాత ఫిల్టరు పెట్టెనే తిరిగి బిగించవలసి వచ్చింది. మైలేజీ మాత్రం తగ్గలేదు. వరసగా మూడు ట్యాంకుల పాటు 16కి పైనే నిలబడింది.

విప్పితే తగ్గని మైలేజీ బిగించినందువల్లే పెరిగిందని ఎలా అనగలను? ఈ ప్రశ్నను నేను ముందే వేసుకోవలసింది. మైలేజీ పెంచుతుందని చెప్పే ఏ మార్పునైనా, అది ఫిల్టరు కానివ్వండి, ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్‌ను అదుపు చేసే కంప్యూటరులోని లెక్కలను మార్చడం) కానివ్వండి, కొత్త స్పార్క్ ప్లగ్గులు కానివ్వండి, పెట్రోలు పైపుకు కట్టే అయస్కాంతం కానివ్వండి, మనలో చాలామంది పరీక్షించే తీరు ఒక్కటే: ముందు ఎంత ఇచ్చేది, ఇప్పుడు ఎంత ఇస్తోంది. ఈ పద్ధతిలో తేలిన అంకె 5 శాతమైనా 10 శాతమైనా, ఆ మార్పు గురించి అది మనకు చెప్పేది దాదాపు శూన్యం. విప్పినప్పుడు లాభం పోవాలి, మళ్ళీ బిగించినప్పుడు తిరిగి రావాలి. అంతవరకూ వెళ్ళని పరీక్షను పరీక్షగా లెక్కించకూడదన్నది నా వాదన.

నా పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. ఫిల్టరు బిగించిన రోజునే ఇంజన్ ఆయిల్ మార్పించాను, నాలుగు టైర్లలో గాలి సరిచేయించాను. టైర్లన్నింటిలో గాలి సగటున ఒక పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. 10 పీఎస్ఐ తక్కువగా ఉన్న టైర్లను సరిచేస్తే 2 శాతం అక్కడే దొరుకుతుంది. తయారీదారు చెప్పిన గ్రేడు ఆయిల్ వాడితే దక్కేది మరో 1 నుంచి 2 శాతం. పైగా అది చలి తగ్గి ఎండలు ముదిరే కాలం. గాలి ఉష్ణోగ్రత 20 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు పెరిగితే గాలి సాంద్రత దాదాపు 5 శాతం తగ్గుతుంది, కారు ముందుకు పోవడానికి గాలి కలిగించే అడ్డంకీ అంతే తగ్గుతుంది. చల్లటి ఇంజన్ వేడెక్కేదాకా ఎక్కువ పెట్రోలు తాగుతుంది కనుక, చిన్న చిన్న ప్రయాణాలు చేసేవారికి ఎండాకాలం ఇచ్చే లాభం ఇంకా ఎక్కువ. దీనికి ఎదురు దిశలో పనిచేసేది కూడా ఒకటుంది: పెట్రోలు డిగ్రీకి సుమారు 0.1 శాతం చొప్పున వ్యాకోచిస్తుంది కనుక వేడి పెట్రోలు లీటరులో ఉండే శక్తి కాస్త తక్కువ. ఇన్ని కారణాలు కలిసి తెచ్చిన 8 శాతాన్ని నేను ఒక్క ఫిల్టరు ఖాతాలో రాసుకున్నాను.

ఇంకొక కారణం ఉంది. అది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది. నేను ఫిల్టరు కొన్నది ఎప్పుడు? వరసగా రెండు ట్యాంకులు మైలేజీ బాగా పడిపోయి విసుగెత్తినప్పుడు. ఏ కారు మైలేజీ అయినా ఒక సగటుకు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. అడుగుకు పడిపోయిన తరవాత వచ్చే అంకె, మనం ఏమీ చేయకపోయినా, సగటు వైపుకు తిరిగి వచ్చే అవకాశమే ఎక్కువ. తల్లిదండ్రుల ఎత్తుకూ పిల్లల ఎత్తుకూ ఉన్న సంబంధాన్ని పరిశీలిస్తూ ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో వివరించిన సంగతి ఇదే. జ్వరం పతాక స్థాయిలో ఉన్నప్పుడు తాయెత్తు కట్టించుకున్నవారికి తాయెత్తు మీద గురి కుదరడానికీ, మైలేజీ పడిపోయినప్పుడు పరికరం బిగించుకున్నవారికి పరికరం మీద గురి కుదరడానికీ కారణం ఒక్కటే. ఈ మాట ఎవరినీ తక్కువ చేయడానికి అనడం లేదు. బాగా నడుస్తున్న బండికి ఎవరూ మరమ్మతు చేయించరు కాబట్టి, నిజాయితీగా అంకెలు రాసుకునే మనిషి కూడా ఇందులో చిక్కుకుంటాడు.

కొలత సాధనాల దగ్గరకు వద్దాం. ట్యాంకు నింపేటప్పుడు పంపు ముక్కు ఎక్కడ ఆగుతుందన్నది కారు నిలబడిన వాలు మీద, పోసే వేగం మీద, నురుగు మీద ఆధారపడుతుంది. 30 లీటర్లు పట్టిన చోట ఒక్క లీటరు అటూ ఇటూ అయితే 3 శాతానికి పైగా తేడా వస్తుంది. దూరం కొలిచే ఓడోమీటరు నిజానికి దూరాన్ని కొలవదు, చక్రం తిరిగిన చుట్లను లెక్కపెడుతుంది. 300 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రానికి టైరు 6 మిల్లీమీటర్లు అరిగితే, అదే దూరానికి చుట్లు 2 శాతం పెరుగుతాయి. కారు ఎక్కువ దూరం తిరిగినట్టూ ఎక్కువ మైలేజీ ఇచ్చినట్టూ కనిపిస్తుంది. కొత్త టైర్లు వేయించగానే మైలేజీ పడిపోయిందని బాధపడేవారికి ఈ లెక్క కొంత ఊరట ఇస్తుంది.

డ్యాష్‌బోర్డు మీద కనిపించే సగటు మైలేజీ సంగతి ఇంతకన్నా తీవ్రమైనది. అక్కడ పెట్రోలును కొలిచే మీటరేదీ ఉండదు. ఇంజన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజక్టరు ఎంతసేపు తెరుచుకుందో, ఆ పీడనం దగ్గర సెకనుకు ఎంత ఇంధనం పోతుందో ఈసీయూకు తెలుసు. ఆ రెండింటి నుంచీ అది ఖర్చును అంచనా కడుతుంది. ఇంజన్‌లో మార్పు చేసినప్పుడు సరిగ్గా ఈ అంచనాయే చెడిపోవచ్చు. కామన్ రెయిల్ డీజిల్ ఇంజన్లకు తగిలించే ట్యూనింగ్ బాక్సుల్లో చాలావాటి పని తీరు చూడండి: రెయిల్‌లో, అంటే ఇంజక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో, పీడనం ఉన్నదానికన్నా తక్కువగా ఉందని సెన్సరు తరఫున ఈసీయూకు తప్పుడు కబురు పంపుతాయి. ఈసీయూ పీడనం పెంచుతుంది, ఇంజన్‌లోకి ఎక్కువ డీజిల్ పోతుంది, బండి చురుగ్గా పరుగెడుతుంది. కానీ ఈసీయూ లెక్క పాత పీడనం మీదే సాగుతుంది కాబట్టి తెర మీద మైలేజీ పెరిగినట్టు కనిపిస్తుంది. ఎక్కువ తాగుతున్న బండి తక్కువ తాగుతున్నానని చెబుతుందన్నమాట. ఆ తెరకు ఫోటో తీసి రుజువుగా చూపించేవారు అబద్ధమాడుతున్నారని నేను అనను; కానీ అది రుజువు కాదు, ఎప్పటికీ కాబోదు.

ఫిల్టరు విషయంలో నేను ఇంజన్ పని తీరును ముందే కాస్త చదువుకుని ఉంటే అనుమానం అప్పుడే వచ్చేది. పెట్రోల్ ఇంజన్‌లోకి పోయే గాలిని అదుపు చేసేది థ్రాటిల్ పలక. నిలకడగా సాగే వేగంలో ఇంజన్ తన శక్తిలో కొద్ది భాగమే వాడుకుంటుంది, ఆ పలక చాలావరకు మూసుకునే ఉంటుంది. దాని అడ్డంకి ముందు ఫిల్టరు అడ్డంకి ఏపాటిది? ఫిల్టరు గాలిని మరింత సులువుగా వదిలితే, అదే వేగానికి పలక ఇంకాస్త మూసుకుంటుంది, అంతే. లోపలికి వచ్చిన గాలిని సెన్సరుతో అంచనా వేసి, ఆక్సిజన్ సెన్సరు సాయంతో సుమారు 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు చొప్పున ఈసీయూ సరిచేస్తూనే ఉంటుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన పరీక్షల్లో, ఫిల్టరును కావాలనే మూసుకుపోయేలా చేసినా ఆధునిక ఇంజక్షన్ కార్ల మైలేజీ చెప్పుకోదగ్గంతగా మారలేదు. మారింది గట్టిగా తొక్కినప్పుడు వేగం పుంజుకునే తీరు. ఈసీయూ లేకుండా కార్బ్యురేటరే గాలిలో పెట్రోలు కలిపే పాత కారులో మాత్రం మైలేజీలో కూడా తేడా కనిపించింది. ఫిల్టరు మారిస్తే మైలేజీ పెరుగుతుందన్న నమ్మకం కార్బ్యురేటర్ల కాలం నుంచి మనకు వారసత్వంగా వచ్చిందని నాకు అనిపిస్తుంది. ఆ కాలానికి అందులో నిజం ఉంది.

ఇంధనాన్ని పూర్తిగా మండిస్తామని చెప్పే పరికరాలదీ ఇటువంటి కథే. వేడెక్కిన ఆధునిక పెట్రోల్ ఇంజన్‌లో ఇంధనం ఇప్పటికే 97, 98 శాతం మండిపోతోంది. మిగిలిన రెండు మూడు శాతాన్ని ఒక్క చుక్క వదలకుండా మండించినా 20 శాతం లాభం ఎక్కడి నుంచి వస్తుంది? నష్టం జరిగేది మంటలో కాదు. పుట్టిన వేడిలో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా, రేడియేటరు గుండా వృథాగా పోవడంలో ఉంది. నీటిని విడగొట్టి వచ్చిన హైడ్రోజన్‌ను ఇంజన్‌లోకి పంపే పెట్టెల మాటకు వస్తే, విద్యుత్తు ఆల్టర్నేటరు నుంచి రావాలి, ఆల్టర్నేటరును ఇంజనే తిప్పాలి. ఇంజన్ పెట్రోలు శక్తిలో పావు వంతును పనిగా మారుస్తుందనుకుందాం, ఆల్టర్నేటరు అందులో 60 శాతాన్ని విద్యుత్తు చేస్తుందనుకుందాం, నీటిని విడగొట్టడంలో 65 శాతం నిలుస్తుందనుకుందాం. మూడూ గుణిస్తే, పెట్టిన శక్తిలో పదో వంతు కూడా హైడ్రోజన్‌గా తిరిగి రాదు. దానిని మళ్ళీ అదే ఇంజన్‌లో మండించాలి.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇటువంటి ఇంధన పొదుపు పరికరాలను వందకు పైగా పరిశీలించింది. వాటిలో అతి కొద్ది మాత్రమే మైలేజీని కాస్త పెంచగలిగాయి, ఆ కొద్దిలోనూ కొన్ని పొగలోని విషవాయువులను పెంచాయి. కానీ ఈ అంకెను చూపి అన్ని మార్పులనూ ఒకే గాటన కట్టేసేవారితో నేను ఏకీభవించను. నిజంగా పనిచేసే మార్పులు ఉన్నాయి. సిలిండర్‌లో గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే కంప్రెషన్ నిష్పత్తిని 9 నుంచి 10కి పెంచితే ఇంజన్ సామర్థ్యం సిద్ధాంతరీత్యా మూడు శాతం దాకా మెరుగుపడుతుంది, నాకింగ్ (ఇంధనం దానంతట అదే అంటుకుని ఇంజన్ టకటకలాడడం) రాని ఇంధనం దొరికితే. దొర్లడంలో తక్కువ శక్తిని మింగే టైర్లు, పొడవైన చివరి గేరు, డీజిల్ ఇంజన్‌లో ఇంధనం చిమ్మే క్షణాన్ని ముందుకు జరపడం వంటివన్నీ భౌతికశాస్త్రం ఒప్పుకునేవే. ఈ చివరిదానికి మాత్రం మూల్యం ఉంది: నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. తయారీదారు ఆ క్షణాన్ని వెనక్కి జరిపింది చేతకాక అనుకోకూడదు, పక్కన నడిచేవారి ఊపిరితిత్తుల కోసం జరిపాడు. మైలేజీ ఒక్కటే కొలిచి, పొగను కొలవకుండా, మార్పు మంచిదని ప్రకటించడం నాకు సమ్మతం కాదు.

మంచి మార్పులు కూడా ఇచ్చేది ఒకటి, రెండు, మూడు శాతమే కావడంతో అసలు చిక్కు మొదలవుతుంది. మన కొలతలోని ఊగిసలాట అంతకన్నా పెద్దది. రెండు గుంపుల కొలతల మధ్య తేడాను నమ్మకంగా పట్టుకోవడానికి ఎన్ని కొలతలు కావాలో చెప్పే స్థూల సూత్రం ఒకటి గణాంకశాస్త్రంలో ఉంది: కొలతలు సగటుకు ఎంత అటూ ఇటూ చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనాన్ని వర్గం చేసి 16తో గుణించి, పట్టుకోదలచిన తేడా వర్గంతో భాగించాలి. ట్యాంకుకూ ట్యాంకుకూ విచలనం 4 శాతం ఉండి, మనం వెతికే లాభం 2 శాతమైతే, మార్పుకు ముందు 64 ట్యాంకులు, తరవాత 64 ట్యాంకులు కొలవాలి. అంతకాలంలో టైర్లు అరిగిపోతాయి, రుతువులు రెండు మూడు చుట్లు తిరుగుతాయి. అదే విచలనాన్ని 1 శాతానికి దించగలిగితే ముందు నాలుగు, తరవాత నాలుగు చాలు. కాబట్టి నెలల తరబడి ట్యాంకులు లెక్కపెట్టడం కన్నా ఊగిసలాటను తగ్గించే ఉపాయం వెతకడం మేలు.

ఆ ఉపాయాన్ని లారీల వాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. వాహన ఇంజనీర్ల సంఘమైన ఎస్ఏఈ రూపొందించిన జే1321 అనే పరీక్షా విధానంలో రెండు లారీలు ఉంటాయి. ఒకదానికి మార్పు చేస్తారు, రెండోదానిని మొదటి నుంచి చివరిదాకా ముట్టుకోరు. రెండూ ఒకే దారిలో, ఒకే వేళ నడుస్తాయి. ఇంధనాన్ని విడి ట్యాంకులో పెట్టి, ప్రయాణానికి ముందూ తరవాతా తూకం వేస్తారు. తూకానికి వ్యాకోచంతో గానీ నురుగుతో గానీ పని లేదు. మొదటి లారీ ఖర్చును రెండో లారీ ఖర్చుతో భాగించి, ఆ నిష్పత్తినే చూస్తారు. ఎండ, గాలి, రద్దీ రెండు బండ్లనూ సమానంగా తాకుతాయి కాబట్టి నిష్పత్తిలో అవి చాలావరకు కొట్టుకుపోతాయి. ఈ విధానంలో చాలాకాలం పాటు, లెక్కలోకి తీసుకునే మూడు నిష్పత్తులు 2 శాతం పరిధిలో కుదిరితేనే ఆ ఫలితాన్ని ఆమోదించేవారు. ముట్టుకోని రెండో బండిని తోడు తీసుకువెళ్ళాలన్న ఈ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. దాని కోసం ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు, ఓపిక ఉన్న ఇంకొక మనిషి చాలు.

మా బావగారి కారు కూడా అదే మోడల్, అదే ఏడాది. ఫిల్టరు కొనడం వాయిదా వేసి, పరీక్షకు తోడు రావడానికి ఆయన ఒప్పుకున్నారు. రద్దీ తక్కువగా ఉండే 300 కిలోమీటర్ల దారి ఎంచుకుని, తెల్లవారుజామున ఇంజన్లు వేడెక్కించి, టైర్లలో గాలి ఒకే మోతాదులో ఉంచి, ఒకే పంపు దగ్గర ఒకే చోట కార్లు నిలిపి నింపించి, ఇద్దరం ఒకే వేగంతో నడిపాం. ట్యాంకులు విప్పి తూకం వేయడం మాకు సాధ్యం కాలేదు. దారిని అంత పొడవుగా పెట్టుకున్నది అందుకే; నింపడంలో వచ్చే పొరపాటు అలాగే ఉన్నా, పట్టే లీటర్లు పెరిగేకొద్దీ దాని శాతం తగ్గుతుంది. ఫిల్టరు లేకుండా నాలుగు సార్లు, ఫిల్టరుతో నాలుగు సార్లు, మళ్ళీ విప్పి నాలుగు సార్లు: ఇది మొదటి ఆవృత్తి. లెక్కను లీటరుకు కిలోమీటర్లలో కాకుండా 100 కిలోమీటర్లకు లీటర్లలో వేశాం. ఎందుకంటే లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చిన 100 కిలోమీటర్లకూ 20 ఇచ్చిన 100 కిలోమీటర్లకూ సగటు 15 అనిపిస్తుంది కానీ, ఖర్చయినవి 15 లీటర్లు, తిరిగినవి 200 కిలోమీటర్లు కనుక అసలు సగటు 13.3 మాత్రమే.

మిగిలింది నా కాలు. యాక్సిలరేటరు మీద కాలు చేసే తేడాను ఏ పరికరమూ చేయలేదు. దూకుడుగా నడపడం వల్ల ఆగి సాగే రద్దీలో మైలేజీ 10 నుంచి 40 శాతం దాకా పడిపోతుందని అమెరికా ఇంధన శాఖే చెబుతుంది. కొత్త పరికరం బిగించిన మనిషి, లాభం కనబడాలన్న కోరికతో, తనకు తెలియకుండానే మెత్తగా నడుపుతాడు. రీమ్యాప్ చేయించినవారు దీనికి ఒక జవాబు చెబుతారు: టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) పెరిగింది కాబట్టి ముందే పై గేరు వేయగలుగుతున్నాం, ఆ లాభం నిజమే కదా అని. నిజమే. అయితే పాత మ్యాప్‌తోనే అంత ముందుగా గేరు వేసి చూశారా అన్నది నా ఎదురు ప్రశ్న; చూడకపోతే, ఆ లాభంలో రీమ్యాప్ వాటా ఎంత, కొత్తగా వచ్చిన జాగ్రత్త వాటా ఎంత అన్నది విడదీయలేం. మేము రెండో ఆవృత్తిలో వరసను నాణెం ఎగరేసి నిర్ణయించాం. ఏ రోజు ఫిల్టరు ఉందో నాకు తెలియకుండా బావగారే బిగించి బానెట్ మూసేవారు. ప్రయోగంలో వరసను అదృష్టానికి వదిలేయడం ఎందుకు అవసరమో రొనాల్డ్ ఫిషర్ 1935లో వివరించాడు. కొద్దిపాటి కొలతలతో ఎంతవరకు చెప్పవచ్చో బీరు తయారుచేసే గిన్నెస్ సంస్థలో పనిచేసిన విలియం గోసెట్ 1908లోనే లెక్కగట్టి చూపాడు. ఇవి వందేళ్ళుగా ఎవరికైనా అందుబాటులో ఉన్న పనిముట్లు. పరికరాలు అమ్మేవారు ఇంత మాత్రం చేసి అంకెలు బయట పెట్టమని అడగడం అత్యాశ కాదు. బిగించక ముందు, బిగించిన తరవాత, విప్పిన తరవాత అన్న మూడు వరసల అంకెలూ లేని ప్రకటనను నేను ఇప్పుడు చదవను.

మాకు తేలింది చెబుతాను. మొదటి ఆవృత్తిలో పన్నెండు నిష్పత్తులూ ఒకదానికొకటి దగ్గరగానే వచ్చాయి. ఫిల్టరు ఉన్న నాలుగింటి సగటుకూ లేని ఎనిమిదింటి సగటుకూ మధ్య తేడా అర శాతం కన్నా తక్కువ. నిష్పత్తుల విచలనం ఒకటిన్నర శాతం ఉండడంతో మా పరీక్షకు రెండు శాతం కన్నా చిన్న తేడాను పట్టుకునే శక్తి లేదు. కాబట్టి ఆ ఫిల్టరు పనికిరాదని నేను అనలేను. అది ఒక శాతం మేలు చేస్తూ ఉండవచ్చు, ఒక శాతం కీడు చేస్తూ ఉండవచ్చు. నేను అంతమందికి చెప్పిన 8 శాతం మాత్రం అందులో లేదు. నాణెం ఎగరేసి చేసిన రెండో ఆవృత్తిలోనూ అది కనబడలేదు. నా మాట మీద ఆ ఫిల్టరు కొన్నవారు ఇద్దరున్నారు; వారికి ఈ అంకెలన్నీ పంపించాను, కావాలంటే ఒక తెల్లవారుజామున వారి కార్లతో కూడా అదే దారిలో తోడు వస్తానని రాశాను.